వసంతం మొదట్లో బ్రిటన్ కొండలకు ఎండబ్ల్యూఐఎస్ ఫోర్కాస్ట్: ఏ లైను ఎలా చదవాలి, ఏది అందులో ఉండదు

ఫోర్ట్ విలియం ఊరు సముద్ర మట్టానికి ఆనుకుని ఉంటుంది. దాని నెత్తినే ఉన్న బెన్ నెవిస్ ఎత్తు 1345 మీటర్లు. మార్చి నెలాఖరు మధ్యాహ్నం కింద 9 డిగ్రీలుండి జనం స్వెటర్లతో తిరుగుతుంటే, పైన సున్నాకు అటూ ఇటూగా ఉంటుంది. దానికి తోడు నిలబడనివ్వని గాలి, పది అడుగుల అవతల ఏముందో తెలియని మబ్బు, బూటు దిగని గట్టి మంచు. ఫోన్లో ఊరి పేరు కొట్టి చూసే వెదర్ యాప్ కింది సంగతే చెబుతుంది. పైసంగతి కోసం బ్రిటన్‌లో కొండలెక్కేవాళ్లు తెరిచేది మౌంటెన్ వెదర్ ఇన్ఫర్మేషన్ సర్వీస్ ఫోర్కాస్ట్, పొట్టిగా ఎండబ్ల్యూఐఎస్.

ఇది ఉచితం. స్కాట్లాండ్ ప్రాంతాల ఫోర్కాస్ట్‌కు స్పోర్ట్‌స్కాట్లాండ్ నిధులిస్తుంది. మొత్తం పది ప్రాంతాలు. స్కాట్లాండ్‌లో ఐదు: నార్త్‌వెస్ట్ హైలాండ్స్, వెస్ట్ హైలాండ్స్, కెయిర్న్‌గార్మ్స్, సౌత్‌ఈస్ట్ హైలాండ్స్, సదర్న్ అప్‌లాండ్స్. ఇంగ్లండ్, వేల్స్ కలిపి ఇంకో ఐదు: లేక్ డిస్ట్రిక్ట్, యార్క్‌షైర్ డేల్స్‌తో కలిపి నార్త్ పెన్నైన్స్, పీక్ డిస్ట్రిక్ట్, స్నోడోనియా, బ్రెకన్ బీకన్స్. ప్రతిదానికీ మూడు రోజుల ఫోర్కాస్ట్, రోజూ సాయంత్రం నాలుగున్నర ప్రాంతంలో కొత్తది వస్తుంది. ఇది కంప్యూటర్ మోడల్ నుంచి నేరుగా దిగిన అంకెల పట్టిక కాదు, వాతావరణ నిపుణులు కూర్చుని రాసిన వాక్యాలు. దీని బలం అక్కడే ఉంది. ఒకటి రెండు చిక్కులు కూడా అక్కడే ఉన్నాయి.

తీర్పు ముందే చెప్పేస్తాం. గాలి, చలి, మబ్బు ఎత్తు, ఈ మూడింటి వరకు రూపాయి ఖర్చు లేకుండా దొరికేవాటిలో మా మొదటి ఓటు దీనికే. అయితే మార్చి, ఏప్రిల్ నెలల్లో మనిషిని పడేసేది ఆకాశం ఒక్కటే కాదు, కాళ్ల కింది మంచు కూడా. దాని గురించి ఈ పేజీలో దాదాపు ఏమీ ఉండదు. ఆ సంగతి తెలియకుండా దీన్ని ఒక్కదాన్నే నమ్ముకుంటే సగం సమాచారంతో బయల్దేరినట్టే.

గాలి ముందు, మిగతావన్నీ తర్వాత

పేజీలో పైన ఒక హెడ్‌లైన్ ఉంటుంది. ఆ కింద మొదటి ప్రశ్న గాలి ఎంత అని. వెంటనే రెండోది, ఆ గాలి మీ మీద ఎలా పనిచేస్తుంది అని. వాన, మబ్బు, ఎండ, చలి అన్నీ ఆ తర్వాతే. మామూలు వెదర్ పేజీల్లో గాలి చివర్లో ఎక్కడో చిన్న బాణం గుర్తుతో ఉంటుంది. ఇక్కడ వరస తిరగేశారు, అదే సరైన వరస. తడిస్తే బట్టలు మార్చుకోవచ్చు. నిలబడలేకపోతే చేసేదేమీ లేదు.

అంకెలు గంటకు మైళ్లలో ఇస్తారు. కిలోమీటర్లు కావాలంటే 1.6తో హెచ్చవేసుకోవాలి. గాలి తోసే బలం వేగంతో పాటు సమానంగా పెరగదు, వేగం రెట్టింపైతే బలం నాలుగింతలవుతుంది. అందుకే 20 మైళ్ల గాలికీ 40 మైళ్ల గాలికీ మధ్య తేడా కాగితం మీద కనిపించే దానికంటే చాలా పెద్దది. కొండ మీద అనుభవంలో లెక్క ఇలా ఉంటుంది: 20-25 దగ్గర టోపీ పట్టుకుంటే చాలు, 30 దాటితే అడుగు తడబడటం మొదలవుతుంది, సన్నటి గట్ల మీద ఆలోచించుకోవాలి, 40 దగ్గర ప్రతి అడుగూ పనే, నడక వేగం బాగా పడిపోతుంది, 50 దాటితే మనిషి తూలిపోతాడు, 60 పైన కూర్చోవాలి లేదా పాకాలి. ఫోర్కాస్ట్‌లో రాసేది ఎక్కువగా సగటు గాలి. విసురుగా వచ్చే గాలి దానికి ఒకటిన్నర రెట్ల దాకా పోవచ్చు, పడేసేది ఆ విసురే. సగటు 35, విసురు 50 అని రాసి ఉంటే 50కే సిద్ధపడాలి.

ఇంకొకటి. హైలాండ్స్, కెయిర్న్‌గార్మ్స్ పేజీల్లో వాళ్లిచ్చే అంకె మన్రో శిఖరాల ఎత్తుకు. మన్రో అంటే స్కాట్లాండ్‌లో 3000 అడుగులు, అంటే 914 మీటర్లు దాటిన కొండ. అలాంటివి 282 ఉన్నాయి. కానీ రెండు శిఖరాల మధ్య కనుమలో గాలి ఇరుకై దూసుకొస్తుంది కాబట్టి శిఖరం కంటే కనుమలోనే ఎక్కువ ఉండొచ్చు. పైకి చేరాక తగ్గుతుందిలే అని కనుమ దగ్గర సర్దిచెప్పుకోవద్దు. అలాగని అక్కడ తగిలిన గాలే రోజంతా అని బెంబేలెత్తనూ అక్కర్లేదు, దిక్కును బట్టి చూడాలి.

వసంతం వచ్చింది కదా, గాలి తగ్గుతుందనుకోవడానికి లేదు. కెయిర్న్ గార్మ్ శిఖరం మీద, 1245 మీటర్ల ఎత్తున, గంటకు 173 మైళ్ల విసురు గాలి నమోదైంది. అది బ్రిటన్ రికార్డు. తేదీ 1986 మార్చి 20, పగలూ రాత్రీ సమానమయ్యే రోజు.

గాలి దిక్కును చాలామంది చూసీ చూడనట్టు వదిలేస్తారు. ఆ ఒక్క మాటతో మూడు పనులు జరుగుతాయి. మొదటిది, ఎత్తైన గట్టు మీద నడక గాలికి వీపు పెట్టి సాగేలా దారిని తిప్పుకోవచ్చు. రెండోది, ఏ ప్రాంతానికి వెళ్లాలో తేల్చుకోవచ్చు. నైరుతి, పడమటి గాలి వీస్తుంటే సముద్రపు తేమంతా వెస్ట్ హైలాండ్స్ మీద కురిసిపోతుంది, తూర్పున కెయిర్న్‌గార్మ్స్ వైపు పొడిగా, కొన్నిసార్లు ఎండగా కూడా ఉంటుంది. తూర్పు గాలి పట్టిందంటే కథ తిరగబడుతుంది: నార్త్ సీ నుంచి తేమ ఎక్కివచ్చి కెయిర్న్‌గార్మ్స్ మబ్బులో మునిగిపోతాయి, పడమటి తీరం తేటగా ఉంటుంది. వసంతంలో తూర్పు గాలులు మిగతా కాలాల కంటే ఎక్కువ. కాబట్టి మీరు వెళ్దామనుకున్న ప్రాంతం పేజీ ఒక్కటే చూడొద్దు, స్కాట్లాండ్ పేజీలు ఐదూ తెరవండి. ఎండబ్ల్యూఐఎస్‌ను అన్నిటికంటే బాగా వాడుకునే పద్ధతి ఇదే. కొండ ముందు ఖాయం చేసుకుని ఫోర్కాస్ట్ చూడటం కాదు, ఫోర్కాస్ట్ చూసి కొండను ఖాయం చేసుకోవడం. రెండు గంటల డ్రైవింగ్‌తో రోజు మొత్తం మారిపోతుంది. ఇక మూడో పని మంచు గురించి, దాని సంగతి కాస్త కింద.

900 మీటర్ల దగ్గర చలి

హైలాండ్స్, కెయిర్న్‌గార్మ్స్ పేజీల్లో ఉష్ణోగ్రత 900 మీటర్ల ఎత్తుకు ఇస్తారు. దాని కిందే గాలి సున్నా డిగ్రీలకు చేరే ఎత్తు, అంటే ఫ్రీజింగ్ లెవెల్. వసంతం మొదట్లో పేజీ మొత్తానికీ కీలకమైనవి ఈ రెండు లైన్లే. వీటిని మీ కొండకు మార్చుకోవడం మీ పని. మబ్బు పట్టిన తేమ గాలిలో ప్రతి 100 మీటర్లకు దాదాపు 0.6 డిగ్రీలు తగ్గుతుంది. మబ్బు లేని పొడి గాలి కలగలుస్తున్నప్పుడు ఒక డిగ్రీ దాకా. 900 దగ్గర ప్లస్ 1 అని ఉంటే 1200 దగ్గర మైనస్ 1 నుంచి మైనస్ 2. 300 మీటర్ల దగ్గరున్న కార్ పార్కింగ్‌లో 5, 6, ఎండ ఉంటే ఇంకొంచెం.

దీనికి గాలి కలపాలి. సున్నా డిగ్రీల దగ్గర 40 మైళ్ల గాలి వీస్తే ఒంటికి తగిలే చలి మైనస్ 9తో సమానం. మైనస్ 5 దగ్గర 30 మైళ్ల గాలైతే మైనస్ 15. ఈ లెక్క పొడి చర్మానికే. తడిసిన గ్లవ్స్‌లో వేళ్లకు అంతకంటే ముందే తిమ్మిరెక్కుతుంది. అందుకే వసంతంలో అన్నిటికంటే ప్రమాదకరమైన చలి మైనస్ పదిది కాదు. ప్లస్ 1 నుంచి ప్లస్ 3 మధ్య, గాలితో కలిసి పడే తడి మంచుది. మైనస్‌లో పడే పొడి మంచును జాకెట్ మీంచి దులిపేసుకోవచ్చు. ఇది మాత్రం కుట్ల లోంచి, మెడ దగ్గర నుంచి లోపలికి దిగుతుంది. ఫ్రీజింగ్ లెవెల్ 1000 మీటర్లని ఉంటే, పడే మంచు ఆ ఎత్తుకు కింద ఇంకో 200-300 మీటర్ల దాకా కరుగుతూ వస్తుంది. అంటే 700 నుంచి 1000 మధ్య సగం వాన, సగం మంచు. మన్రో ఎక్కేవాడు రోజులో ఎక్కువ గంటలు గడిపేది సరిగ్గా ఆ పట్టీలోనే. అలాంటి ఫోర్కాస్ట్ కనిపిస్తే బ్యాగులో రెండో జత కాదు, మూడో జత గ్లవ్స్ కూడా పెట్టుకోవాలి. ఆగినప్పుడు పైన వేసుకునే దళసరి జాకెట్ పక్షి ఈకలది కాకుండా సింథటిక్‌ది తీసుకోవాలి. ఈకలు తడిస్తే వెచ్చదనం పోతుంది.

ఫ్రీజింగ్ లెవెల్ లైను దగ్గర ఏటా చాలామంది తప్పులో కాలేసేది ఒకటుంది. శిఖరాలన్నిటికంటే పైన అని రాసి ఉంటే, మంచు మెత్తగా ఉంటుంది, క్రాంపాన్లు, అంటే బూట్ల కింద కట్టే ఇనుప పళ్లు, ఇంట్లో పెట్టేయొచ్చు అనుకుంటారు. ఆ లైను చెప్పేది గాలి సంగతి, మంచు సంగతి కాదు. రాత్రి ఆకాశం తేటగా, గాలి నెమ్మదిగా ఉంటే మంచు ఉపరితలం తన వేడిని నేరుగా ఆకాశంలోకి వదిలేస్తుంది. పైన గాలి 2, 3 డిగ్రీలున్నా పొర గడ్డకడుతుంది. ముందురోజు మధ్యాహ్నం కరిగి నీరెక్కిన మంచు తెల్లారేసరికి ఐస్‌లా బిగుసుకుని ఉంటుంది. తూర్పు, దక్షిణ వాలుల మీద పదకొండు గంటలకల్లా కాస్త మెత్తబడుతుంది. ఉత్తరం వైపు నీడలో రోజంతా అలాగే ఉంటుంది. మెత్తబడ్డ వాలు కూడా సాయంత్రం నీడ పడగానే మళ్లీ బిగుస్తుంది. పొద్దున కాలిముద్రలు పడ్డ దారి తిరిగొచ్చేటప్పుడు జారుడు బల్ల. కాబట్టి ఫ్రీజింగ్ లెవెల్‌ను ఒంటరిగా చదవొద్దు. ఎండ ఎలా ఉంటుంది, గాలి ఎంత తేట అనే లైను కూడా చూడండి. ముందురోజు పేజీలో రాత్రి ఆకాశం తేటగా ఉంటుందనే సూచన ఉంటే, అంకె ఏదైనా సరే, ఐస్ యాక్స్ (మంచు గొడ్డలి), క్రాంపాన్లు తీసుకెళ్లాల్సిందే. రబ్బరు పట్టీలతో బూటుకు తగిలించే మైక్రోస్పైక్స్ సమతలం దారి మీద బాగానే పనిచేస్తాయి. 30 డిగ్రీల గట్టి మంచు వాలు మీద వాటి పళ్లకు పట్టు దొరకదు.

ఫ్రీజింగ్ లెవెల్ రోజులో ఎటు కదులుతుందో కూడా రాస్తారు. అంకె కంటే ఆ కదలికే విలువైనది. పొద్దున 600, చీకటి పడేసరికి శిఖరాలకు పైన అని ఉందంటే వెచ్చటి గాలి, దాని వెంట వాన వస్తున్నాయి. వాన, కరిగిన మంచు కలిసి వాగులు పొంగుతాయి. పొద్దున రాళ్ల మీంచి దాటిన వాగు నాలుగింటికి మోకాలు దాటుతుంది. వాగు మీద వంతెనలా పరుచుకున్న మంచు కింద నుంచి కరిగి డొల్లయిపోతుంది. అలాంటి రోజున దారిలో వాగు దాటే చోట్లు మ్యాప్ మీద ముందే లెక్కపెట్టుకోండి, ఆ పైన వంతెన ఉన్న దారే మేలు. అంకె కిందికి జారుతోందంటే ఇంకో రకం ఇబ్బంది. తడిసిన రాళ్ల మీద కంటికి కనిపించనంత పలచగా ఐస్ పట్టేస్తుంది. క్రాంపాన్లు వేస్తే రాతికి గీసుకుంటాయి, తీస్తే కాలు జారుతుంది. ఎక్కడం కంటే దిగడంలో దాని తడాఖా తెలుస్తుంది.

వాన, మబ్బు

వాన లైనులో చూడాల్సింది పదం. ఎడతెరిపి లేని వాన అంటున్నారా, జల్లులంటున్నారా? వాన ఫ్రంట్‌తో వస్తుంది, అంటే వెచ్చటి గాలీ చల్లటి గాలీ కలిసే సరిహద్దుతో, ఎప్పుడొస్తుందో గంట అటూ ఇటూగా చెప్పగలరు. వాయవ్యం నుంచి చల్లగాలి వచ్చే రోజుల జల్లులు వేరు. వసంతంలో ఎండకు నేల వేడెక్కి, పైన గాలి ఇంకా చల్లగానే ఉండటంతో మధ్యాహ్నానికి అవి ముదురుతాయి. పదిహేను నిమిషాలు వడగళ్లు, గుండ్రటి మెత్తటి మంచు పలుకులు, ఒక్కసారిగా విసురు గాలి, ఏమీ కనిపించదు. ఆ వెంటనే నీలాకాశం. ఏ జల్లు ఏ కొండ మీద పడుతుందో ఎవరూ చెప్పలేరు, ఈ ఫోర్కాస్ట్ కూడా చెప్పదు, చెప్పనందుకు తప్పుపట్టనూ లేము. పిడుగుల మాట ఎక్కడైనా ఉంటే మధ్యాహ్నానికల్లా గట్టు దిగిపోయేలా ప్లాన్ చేసుకోవాలి.

మబ్బు దగ్గర రెండు సంగతులిస్తారు. మబ్బు అడుగు ఎన్ని మీటర్ల దగ్గర ఉంటుందన్నది ఒకటి, శిఖరాలు మబ్బు లేకుండా ఉండే అవకాశం ఎంత శాతం అన్నది రెండోది. అందరి కళ్లూ శాతం మీదకే పోతాయి. పని చేసేది మొదటిదే. శాతం ప్రాంతం మొత్తానికి కలిపి ఇచ్చిన ఒక్క అంకె. 60 శాతం అంటే మీ కొండ మీద రోజులో అరవై వంతులు ఎండ అని కాదు. సముద్రం వైపు పొట్టి కొండకూ లోపలున్న పొడుగు కొండకూ అదే అంకె వర్తించదు. మబ్బు అడుగు 800 అని ఉంటే, మీ శిఖరం 1100 అయితే, చివరి 300 మీటర్లు దిక్సూచితోనే నడవాలి. అలా తీసుకుంటే ఆ లైను బంగారం.

మంచు పరుచుకుని ఉన్నప్పుడు మబ్బు దిగితే నేల, ఆకాశం కలిసిపోతాయి. వాలు పైకి పోతోందో కిందికి పోతోందో కాలికి తగిలేదాకా తెలియదు. పైగా గట్టు అంచు దాటి గాల్లోకి పొడుచుకొచ్చిన మంచు చూరు అదే తెలుపులో ఉంటుంది. బెన్ నెవిస్ శిఖరం ఇందుకు పేరుమోసింది. ఒక పక్క ఉత్తరపు గోడ, ఇంకో పక్క ఫైవ్ ఫింగర్ గల్లీ అనే నిటారు కొండచీలిక. శిఖరం మీది ట్రిగ్ పాయింట్ (సర్వే కోసం కట్టిన స్తంభం) నుంచి గ్రిడ్ బేరింగ్ (మ్యాప్ ఉత్తరం నుంచి డిగ్రీల్లో కొలిచిన దిక్కు) 231 మీద 150 మీటర్లు, ఆ తర్వాత 282 మీద దిగితే మామూలు దారి దొరుకుతుంది. ఇవి గ్రిడ్ అంకెలు, మ్యాప్ అంచున ఉన్న అయస్కాంత తేడాను సరిచేసుకోవాలి. 150 మీటర్లు మీ కాలికి ఎన్ని అడుగులో కింద మైదానంలోనే లెక్క తెలిసి ఉండాలి, మంచులో అవి ఇంకా పెరుగుతాయి. మబ్బు అడుగు 1000 లోపు అని చూసి కూడా ఈ రెండు అంకెలు జేబులో లేకుండా పైకి పోవడం దుస్సాహసం.

పేజీలో లేనిది

ఇప్పుడు అసలు లోటు. మంచు ఎంత లోతు, ఏ వాలు మీద, గట్టిదా మెత్తదా, పగిలి జారుతుందా? ఈ ప్రశ్నలకు వాతావరణ ఫోర్కాస్ట్ జవాబు ఇవ్వదు. ఆ పని స్కాటిష్ అవలాంచ్ ఇన్ఫర్మేషన్ సర్వీస్‌ది, పొట్టిగా ఎస్ఏఐఎస్. అవలాంచ్ అంటే వాలు మీంచి విరిగి జారిపడే మంచు. డిసెంబర్ మధ్య నుంచి ఏప్రిల్ మధ్య దాకా ఆరు ప్రాంతాలకు రోజూ రిపోర్టు ఇస్తారు: లోకాబర్, గ్లెన్‌కో, క్రెయిగ్ మెగ్గీ, టొరిడన్, నార్తర్న్ కెయిర్న్‌గార్మ్స్, సదర్న్ కెయిర్న్‌గార్మ్స్. మనుషులు స్వయంగా కొండెక్కి, మంచులో గుంట తవ్వి, పొరలు చూసి రాసేది ఇది. ప్రమాద స్థాయి 1 నుంచి 5. 3 అంటే మధ్యస్థం కదా అని తేలిగ్గా తీసుకోవద్దు. 3 స్థాయిలో ఒక్క మనిషి బరువుకే వాలు కదిలే అవకాశం ఉంటుంది. దిక్కుల చక్రం మీద ఏ ముఖం, ఏ ఎత్తు అన్నది రంగులతో చూపిస్తారు. మీ దారిలో 30 నుంచి 45 డిగ్రీల వాలులు ఏ ముఖం వైపున్నాయో మ్యాప్‌లో చూసి, ఆ చక్రం మీద పెట్టి చూడటానికి ఐదు నిమిషాలు పడుతుంది.

గాలి దిక్కు మూడో పని ఇక్కడే. కొత్తగా చినుకంత మంచు పడకపోయినా, 15-20 మైళ్ల గాలి వదులుగా ఉన్న పొడి మంచును ఎత్తుకెళ్లి గాలి చాటు వాలుల మీద పలకలా పేరుస్తుంది. నైరుతి గాలి రెండు రోజులు వీచిందంటే ఈశాన్యం వైపు వాలులు, కోరీల (కొండ పక్కన గిన్నెలా పడ్డ లోయల) పైఅంచులు అనుమానించాల్సినవే. ఎండబ్ల్యూఐఎస్‌లో నిన్నటి, మొన్నటి గాలి కనిపించదు, రేపటిదే కనిపిస్తుంది. వారాంతంలో వెళ్లేవాళ్లు బుధవారం నుంచే రోజుకో పేజీ సేవ్ చేసుకుంటే మంచు ఏ చాటుకు చేరిందో తెలుస్తుంది. పాత ఫోర్కాస్ట్‌లను తేదీ వారీగా సులువుగా చూసే ఏర్పాటు ఉంటే ఎంతో బాగుండేది.

ఇంగ్లండ్, వేల్స్‌లకు అవలాంచ్ సర్వీసు లేదు. లేక్ డిస్ట్రిక్ట్‌లో మాత్రం మంచి ఏర్పాటు ఉంది. చలికాలం నుంచి ఈస్టర్ దరిదాపుల దాకా ఫెల్‌టాప్ అసెసర్లనే పరిశీలకులు రోజూ 950 మీటర్ల హెల్‌వెలిన్ ఎక్కి, పైన మంచు ఎలా ఉందో, చలి, గాలి ఎంతో కొలిచి తమ వెబ్‌సైట్ వెదర్‌లైన్‌లో పెడతారు. అదీ ఉచితమే. లేక్స్‌కు పోయేవాళ్లు ఎండబ్ల్యూఐఎస్ కంటే ముందు దాన్ని తెరిచినా తప్పులేదు.

పక్కన పెట్టి చూస్తే

బ్రిటన్ ప్రభుత్వ వాతావరణ సంస్థ మెట్ ఆఫీస్ కూడా కొండలకు విడిగా ఫోర్కాస్ట్ ఇస్తుంది. పేరున్న శిఖరాలకు గంటల వారీగా, వేర్వేరు ఎత్తుల దగ్గర ఉష్ణోగ్రత, గాలి చూపిస్తుంది. వాతావరణ ప్రమాదాల జాబితా కూడా ఉంటుంది. ఫ్రంట్ ఎన్నింటికి తగులుతుంది, గాలి ఎప్పుడు పెరుగుతుంది లాంటి టైము విషయాల్లో దాని పట్టికే సౌకర్యం. రోజు స్వభావం ఏమిటి, నడక ఎలా ఉంటుంది, ప్రాంతంలో తూర్పుకూ పడమరకూ తేడా ఏమిటి అనేవి ఎండబ్ల్యూఐఎస్ వాక్యాల్లోనే బాగా అర్థమవుతాయి. రెండూ ఒకేమాట చెబితే ధైర్యంగా పోవచ్చు. గాలి విషయంలో 15 మైళ్ల తేడా వస్తే వాతావరణం ఇంకా తేలలేదని అర్థం. ఎక్కువ చెప్పినదాన్నే పట్టుకుని చిన్న దారి ఎంచుకోవాలి. మెట్ ఆఫీస్ ప్రెషర్ చార్టు మీద గీతలు ఎంత దగ్గరగా ఉంటే గాలి అంత ఎక్కువ. మూడు రోజులకు మించి చూడాలంటే ఆ చార్టే దిక్కు, అంకెలు కాదు.

బయల్దేరే ముందు నిజంగా పైన ఏం జరుగుతోందో చూడటానికి కెయిర్న్ గార్మ్ శిఖరం మీద హెరియట్ వాట్ యూనివర్సిటీ వారి ఆటోమేటిక్ స్టేషన్ ఉంది. పరికరాలకు ఐస్ పట్టకుండా వాటిని వేడి పెట్టెలో ఉంచుతారు. అరగంటకోసారి అవి పైకి లేచి, కాసేపు కొలిచి, మళ్లీ లోపలికి వెళ్లిపోతాయి. పొద్దున ఆరింటి గాలి ఫోర్కాస్ట్‌లో చెప్పినదానికంటే అప్పటికే 15 మైళ్లు ఎక్కువుంటే, ఫ్రంట్ ముందే వచ్చేసిందని అనుమానించాలి.

ఎండబ్ల్యూఐఎస్ మీద చిన్నాచితకా ఫిర్యాదులు లేకపోలేదు. గాలి గురించి వాడే కొన్ని పదాలు ఆ భాషలోనే పుట్టి పెరిగినవాళ్లకు తప్ప తూకం తెలియవు. నడకకు ఇబ్బంది అనడానికీ కదలడమే నరకం అనడానికీ మధ్య మెట్లు ఎన్నో కొత్తవాళ్లకు అంతుపట్టదు, వాళ్లు మాటను వదిలేసి అంకెను పట్టుకోవడం మేలు. వెస్ట్ హైలాండ్స్ లాంటి పెద్ద ప్రాంతానికి ఒకే పేజీ కావడంతో ఒక మూల జరిగేది ఇంకో మూలకు సరిపోదు. హెడ్‌లైన్ ఒక్కటే చదివేవాళ్లు నష్టపోయేది ఇక్కడే. ప్రాంతంలో ఏ వైపు బాగుంటుందో చెప్పే ముక్క తరచూ కింది వాక్యాల్లో దాక్కుని ఉంటుంది. నిరాశగా రాస్తారనే మాట కూడా వినిపిస్తుంది. గాలి విషయంలో ఆ జాగ్రత్త తప్పనిపించదు. మబ్బు శాతం దగ్గర మాత్రం చెప్పినదానికంటే మంచి రోజులు అప్పుడప్పుడు వస్తాయి. ముఖ్యంగా హై ప్రెషర్ కింద మబ్బు లోయల్లోనే ఉండిపోయి, శిఖరాలు పైన ఎండలో తేలే రోజుల్లో.

వాడే పద్ధతి చెప్పాలంటే, ముందురోజు సాయంత్రం ఐదింటికి ఐదు పేజీలూ చూసి ప్రాంతం తేల్చుకోవాలి. ఆ తర్వాత ఎస్ఏఐఎస్ చూసి వాలు ముఖం తేల్చుకోవాలి. పొద్దున మెట్ ఆఫీస్ పట్టిక, కెయిర్న్‌గార్మ్స్ అయితే స్టేషన్ అంకెలు చూసుకోవాలి. పేజీ పీడీఎఫ్ రూపంలో దొరుకుతుంది. దాన్ని ఫోన్లో సేవ్ చేసుకోండి, ప్రింట్ ఇంకా మంచిది. లోయల్లో సిగ్నల్ ఉండదు, చలికి ఫోన్ బ్యాటరీ ఉన్నట్టుండి పడిపోతుంది. ప్రింట్ మీద గాలి మారే గంట దగ్గర గీత గీసుకుని, ఆ గంటకు ఎక్కడుండాలో దారి మీద గుర్తుపెట్టుకుంటే చాలు.

ఏప్రిల్ మధ్యలో ఎస్ఏఐఎస్ రిపోర్టులు ఆగిపోతాయి. మంచు ఆగదు. ఎత్తైన ఈశాన్యపు కోరీల్లో మే దాకా, కొన్నిచోట్ల ఇంకా పైకి ఉంటుంది. అప్పటినుంచి ఫ్రీజింగ్ లెవెల్ లైనే మీ అవలాంచ్ రిపోర్టు. వరసగా రెండు రాత్రులు గడ్డకట్టకుండా, పగలు ఎండో వానో ఉంటే మంచు చూరుల కింద నడవొద్దు, వాటి పైకీ పోవద్దు. రాత్రి తేటగా గడ్డకట్టి ఉంటే పెందలాడే బయల్దేరి, ఎండ తగిలే వాలులను పదకొండు లోపే దాటేయండి. ఏప్రిల్ 20 నాటి సూర్యుడు ఆగస్టు 22 నాటి సూర్యుడంత పైన ఉంటాడు, కొత్త మంచు అతినీలలోహిత కిరణాల్లో 80 శాతం దాకా తిప్పికొడుతుంది. ఎండ లైను బాగుందని ఉన్న రోజున నల్లకళ్లద్దాలు, ముక్కు కిందా గడ్డం కిందా కూడా రాసుకునే సన్‌స్క్రీన్ బ్యాగులో గ్లవ్స్ పక్కనే ఉండాలి.